మొహమాటానికి కాదు

ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా మిత్రులు కలిసినప్పుడల్లా నా వీపు మీది మచ్చల కథ చెప్పుకొని నవ్వుకుంటారు. అందులో ఒక మాట అబద్ధం. దాన్ని చేర్చింది నేనే.

ఆ ఏడాది నా కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలన్నా మా ఆవిడ సాయం పట్టాల్సి వచ్చేది. పక్కింట్లో కొడుకు దగ్గర ఉండే చైనీస్ ఆంటీ, నేను ఎడమ చేత్తో ట్రాష్ బిన్ లాగడం చూసి లోపలికి పిలిచింది. వీపుకు నూనె రాసి, పింగాణీ చెంచా అంచుతో చర్మం కందేదాకా గీకింది. తర్వాత గాజు కప్పుల్లో మంట తిప్పి తీసి, వెంటనే వీపు మీద బోర్లించింది. చర్మం కప్పులోకి ఉబ్బి బిగుసుకుంది. లేచేసరికి భుజం తేలికపడింది. ఆ తర్వాత ప్రతిసారీ నేనే అడిగి వెళ్ళాను.

మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ఆవిడనూ పిలిచాం. మా అమ్మాయి ఆవిడ పక్కన కూర్చుని జరిగేదంతా ఇంగ్లీషులో చెబుతోంది. హారతి ఇవ్వడానికి లేచినప్పుడు నా కండువా జారింది. వీపంతా గుండ్రటి ఊదా మచ్చలు.

"ఏంది బావా, వీపు మీద ఊతప్పాలేసిందెవరు?" అన్నాడు ఒక మిత్రుడు.

అందరూ నవ్వారు. నాకు సిగ్గేసింది. "పక్కింటావిడ పట్టుబట్టిందిరా. మొహమాటానికి వెళ్ళాను" అన్నాను. హారతి పళ్ళెం పట్టుకున్నది ఆ కుడిచేత్తోనే.

మా అమ్మాయి అదీ ఆవిడకు చెప్పేసింది. మొహమాటానికి ఇంగ్లీషు దొరక్క, ఆ మాటను అలాగే ఉంచి, ఇష్టం లేకపోయినా కాదనలేకపోవడమని వివరించింది. ఆవిడ తలూపి, ప్రసాదం పూర్తిగా తిని వెళ్ళింది.

మొహం చెల్లక నేను వెళ్ళడం మానేశాను. చలి మొదలయ్యేసరికి భుజం మళ్ళీ బిగిసింది. ఒక ఉదయం ట్రాష్ బిన్ దగ్గరే ఆవిడ ఎదురైంది. నా చేతిని చూసి, తన ఇంటి తలుపు తెరిచి పట్టుకుని అడిగింది.

"మోమాటమ్?"

"నో ఆంటీ. పెయిన్" అన్నాను. "సారీ" అని కూడా అన్నాను.

"ఓకే. షర్ట్ ఆఫ్" అంది, నవ్వు దాచుకుంటూ.

ఊతప్పాలేసిందెవరని మిత్రుడు ఆరోజు అడిగాడు. వేసింది ఆవిడ. అడిగి వేయించుకున్నది నేను. ఈ ఉదయం ఆ చేత్తోనే తల దువ్వుకున్నాను.