తుంటి దగ్గరి మరక

ఆసుపత్రిలో అతన్ని అందరూ ‘కదలకండి గారు’ అనేవారు. నేలమాళిగ మెట్లు దిగి ఎడమకు తిరిగితే వచ్చే గదిలో, గామా కెమెరా దగ్గర ఇరవై రెండేళ్లుగా అతను చేస్తున్న పని అదే మరి. మనిషిని బల్ల మీద పడుకోబెట్టాలి, మోకాళ్ల కింద దిండు పెట్టాలి, చేతులు పక్కకు సర్ది పట్టీ కట్టాలి, “కదలకండి” అనాలి. భయస్తులతో బతిమాలినట్టు అనేవాడు, మొండివాళ్లతో బడిపంతులులా అనేవాడు. ఒకసారి బల్ల మీదే గురక పెడుతున్న ఒక ముసలాయనతో కూడా అలవాటు కొద్దీ అదే మాట అంటే, ఆయన కళ్లు తెరవకుండానే “నువ్వు అరవకపోతే కదలనయ్యా” అన్నాడట. ఆ మాట చెప్పుకుని నర్సులు చాన్నాళ్లు నవ్వుకున్నారు.

అతని దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఎముకల స్కాన్ కోసం. నరంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. మూడు గంటల్లో అది ఎముకల్లోకి చేరుతుంది. ఎముక ఎక్కడ దెబ్బతిందో అక్కడ ఎక్కువగా పోగై, తెర మీద నల్లమచ్చలా కనబడుతుంది. మిగతా మందు మూత్రంలో పోతుంది కాబట్టి నీళ్లు బాగా తాగమంటారు, బల్ల ఎక్కేముందు ఒంటికి వెళ్లి రమ్మంటారు. చిక్కల్లా ఇక్కడే వస్తుంది. ఒక్క చుక్క బట్టల మీద పడినా అదీ నల్లమచ్చగానే కనబడుతుంది. అది బట్టదో ఎముకదో పైనుంచి చూసే కెమెరాకు తెలియదు. బట్టలు మార్పించి, ఒళ్లు తుడిపించి, మళ్లీ పడుకోబెట్టి తీయాలి. మచ్చ పోతే బట్టది, ఉంటే ఎముకది. ఈ సంగతి కొత్తవాళ్లకు అతనే నేర్పేవాడు.

అలాంటి మనిషి ఒకే ఒక్కసారి ఆ పని చేయలేదు. ఆ రోజు బల్ల మీద ఉన్నది అతని వదిన.

తల్లి పోయేనాటికి అతనికి ఆరేళ్లు, అన్నయ్యకు ఇరవై మూడు. వదిన కాపురానికి వచ్చినప్పుడు అతని నెత్తి నిండా పేలు. వచ్చిన మర్నాడే ఆమె అతన్ని పెరట్లో కూర్చోబెట్టి, ఏడుస్తున్నా వదలకుండా, తల దువ్వి పేలన్నీ తీసేసింది. ఆమెకు పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ ఊసెత్తితే, “నాకు మొగుడితో పాటే రెడీమేడ్ కొడుకునిచ్చారు. కుట్టుకూలి కూడా మిగిలింది” అని నవ్వేసేది. అతన్ని చదివించింది ఆమే. బస్సు డ్రైవరైన అన్నయ్య పొద్దున్న పోతే ఏ రాత్రికో వచ్చేవాడు. ఇంట్లో మాటామంతీ అంతా వదినా మరుదులదే.

ఆ స్కాన్‌కు ఏడేళ్ల ముందు ఆమెకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ తేలితే తీసేశారు. బాగానే తిరిగింది. తర్వాత ఒక వేసవిలో నడుంనొప్పి మొదలై ఎన్ని మందులు వాడినా తగ్గకపోయేసరికి డాక్టర్లు స్కాన్ రాశారు. రెండో టెక్నీషియన్ చేత తీయిస్తానని అతను అన్నాడు. పరాయివాళ్లెందుకు, నువ్వుండగా నాకేం భయమని ఆమె పట్టుబట్టింది.

నీళ్లు తాగమన్నాడని ఆమె సీసాలకు సీసాలు తాగేసింది. నడుం నొప్పితో లేవడమే కష్టం. మరుగుదొడ్డి ఏమో వసారాకు ఆ చివరన ఉంది. వెళ్లేసరికి లోపల ఎవరో ఉన్నారు. ఆమె గోడ పట్టుకుని నిలబడింది. ఎంతసేపు నిలబడిందో అతను చూడలేదు, లోపల ఇంకొకరి స్కాన్ జరుగుతోంది.

తర్వాత ఆమె వచ్చి పడుకుంది. స్కాన్ గదికీ అతను కూర్చునే గదికీ మధ్య ఉన్న అద్దం ఇవతల, తెర మీద బొమ్మ తలనుంచి కిందికి కొంచెం కొంచెంగా దిగసాగింది. వెన్నులో రెండు పూసలు నల్లగా ఉన్నాయి. రొమ్ములోని జబ్బు ఎముకలకు పాకిందన్నమాట. ఇంకా కిందికి దిగాక కుడి తుంటి దగ్గర, తొడ మొదట్లో మరో మరక కనబడింది. తలెత్తి అద్దంలోంచి చూశాడు. వదిన బట్టలు అక్కడ తడిగా ఉన్నాయి. ఆ తడిని పూర్తిగా దాచలేని చిన్న తువ్వాలు కప్పుకుని, పట్టీ కిందినుంచే వేళ్లతో దాని అంచు పట్టుకుని ఆమె పైకప్పు వైపు చూస్తోంది.

వేరే ఎవరైనా అయితే ఆయాను పంపి బట్టలు మార్పించేవాడు. ఆయా భోజనానికి వెళ్లింది. తనే చెప్పాలి. లేచి తలుపు దాకా వెళ్లాడు. చిన్నప్పుడు తనకు నీళ్లు పోసిన మనిషితో ఆ మాట అనడానికి మొహం చెల్లలేదు. అక్కడే ఆగిపోయాడు.

“అయిపోయిందా చిన్నా?” అంది ఆమె.

“అయిపోయింది వదినా.”

ఫారం మీద, ‘కుడి తుంటి దగ్గర బట్టల మీద మూత్రపు మరక’ అని రాశాడు. ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవాడు రాసిన మాట కదా, డాక్టరు కాదనలేదు. వెన్నులోని రెండు పూసలకు మాత్రమే కిరణాల చికిత్స లెక్కగట్టారు. పది రోజులు ఇచ్చారు. నడుంనొప్పి సగం తగ్గింది. కాలు లాగుతోందని ఆమె ఒకటి రెండుసార్లు అంది. నడుంనుంచి దిగిన నొప్పేనని అందరూ అనుకున్నారు. అందరితో పాటు అతనూ అనుకున్నాడు.

ఏడో వారంలో ఒక సాయంత్రం, వాన జల్లు లోపలికి కొడుతోందని కిటికీ మూయడానికి ఆమె కుర్చీలోంచి లేచింది. లేస్తుండగానే కాలు విరిగింది. పడి విరగలేదు, విరిగి పడింది. ఎక్స్‌రేలో తొడ ఎముక పైభాగం చెదలు తిన్న కర్రలా ఉంది.

ఆ రాత్రి అతను పాత బొమ్మ తెరిచి చూశాడు. బట్ట మీది తడి పలచగా పరుచుకున్నట్టుంది. దాని మధ్యలో మరింత చిక్కగా ఇంకో మచ్చ ఉంది. తెలిసి చూస్తే కనబడుతోంది. కింద తన చేతిరాత ఉంది.

అప్పుడే తెలిసి ఉంటే ఎముకలో ఒక కడ్డీ వేసి, అక్కడా కిరణాలు ఇచ్చేవాళ్లు. ప్రాణం నిలబడేదని ఎవరూ చెప్పలేరు, తన కాళ్ల మీద తాను తిరిగేది. ఇప్పుడు ఆపరేషన్ చేశారు గానీ ఆమె మంచం దిగలేదు.

మూడు వారాలు అతను ఆ సంగతి కడుపులో పెట్టుకుని తిరిగాడు. ఒక మధ్యాహ్నం అన్నయ్య మందుల కోసం వెళ్లిన వేళ, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“వదినా, ఆ రోజు నీ బట్టలు తడిశాయని నాకు తెలుసు.”

ఆమె గోడవైపు మొహం తిప్పుకుంది. “నీకు తెలుసని నాకూ తెలుసు. తలుపు దాకా వచ్చి ఆగిపోయావు. హమ్మయ్య, పరువు దక్కిందనుకున్నాను” అంది.

మిగతాదంతా నేల చూస్తూ చెప్పాడు. మరక కింద మచ్చ ఉండటం, తాను రాసిన మాట, దాన్ని నమ్మి వేసిన చికిత్స, ఏదీ దాచలేదు.

“అయితే, నేను సిగ్గు మాని చెప్పుంటే సరిపోయేదన్నమాట” అంది చివరికి.

“చెప్పాల్సింది నువ్వు కాదు వదినా. అడగాల్సింది నేను.”

“చిన్నప్పుడు పక్క తడిపి మూల నక్కి కూర్చునేవాడివి. నేనెవరికైనా చెప్పానా?” అని నవ్వబోయింది. అతని మొహం చూసి మానేసింది. “మీ అన్నయ్యకి చెప్పకు. తట్టుకోలేడు. నేను పోయాక మీకు మీరే కదా.”

సరేనన్నాడు. ఐదు నెలలకు ఆమె పోయింది.

పనిలోకి తిరిగి వచ్చిన వారానికి అతను డిపార్టుమెంటు డాక్టరమ్మ గదిలోకి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఉద్యోగం పోతుందనే అనుకున్నాడు. ఆమె పాత బొమ్మ తెప్పించుకుని చాలాసేపు చూసింది. “మీరు రాశారు, నేను చూడకుండా నమ్మాను. ఈ తప్పులో నాకూ వాటా ఉంది” అంది. ఇద్దరి సంగతీ పైవాళ్లకు రాసి పంపింది. పైనుంచి ఒక హెచ్చరిక కాగితం వచ్చింది, అంతకు మించి ఏమీ జరగలేదు. ఆ ఏమీ జరగకపోవడమే అతనికి ఎక్కువ బాధ అనిపించింది.

ఆ తర్వాత అతనొక పద్ధతి పెట్టాడు. బల్ల ఎక్కబోయే ప్రతి ఒక్కరికీ, తడిసినా తడవకపోయినా, ఉతికిన గౌను ఇవ్వాలి. అందరికీ ఇస్తే ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. తుంటి దగ్గర ఏ మచ్చ కనబడినా ఒళ్లు తుడిపించి మళ్లీ తీయాలి, పక్కనుంచి కూడా ఒక బొమ్మ తీయాలి. ‘మూత్రపు మరక’ అనే మాట రెండో బొమ్మ లేకుండా ఎవరూ రాయకూడదు. వరుసలో పద్నాలుగు మంది ఉంటే ఇదంతా ఎక్కడ కుదురుతుందని జూనియర్లు గొణిగారు. అతను గంట ముందే వచ్చి పని మొదలుపెట్టేవాడు. వసారా చివరి మరుగుదొడ్డి చాలదని ఏడాది పాటు ఆఫీసు చుట్టూ తిరిగి, స్కాన్ గది పక్కనే ఇంకొకటి కట్టించాడు. మొదటి ఏడాదిలోనే ముగ్గురికి, మరక అనుకున్నది మరక కాదని తేలింది. అందులో ఒకామె చికిత్స అయ్యాక చేతికర్ర పట్టుకుని నడుచుకుంటూ వచ్చి కనబడి వెళ్లింది. ఆమె వెళ్లిన తర్వాత అతను స్టోరుగదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

రెండేళ్లకు కొత్త యంత్రం వచ్చింది. ఒంటిని పొరలు పొరలుగా చూపిస్తుంది, చర్మం మీదిదేదో ఎముక లోపలిదేదో విడదీసి పెడుతుంది. దాని ముందు నిలబడి డాక్టరమ్మ “ఇది ముందే వచ్చుంటే...” అంది.

యంత్రం ప్రారంభం రోజున ఇంటివాళ్లను కూడా పిలిచారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ గౌన్ల పద్ధతి పెట్టింది మీ తమ్ముడేనని ఎవరో ఆయనతో అన్నారు. ఇక ఆయన్ని పట్టలేకపోయారు. మా ఆవిడ మీద ప్రేమకొద్దీ చేశాడు, తల్లిలా పెంచింది మరి అని కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. అతను పక్కనే తలొంచుకుని నిలబడ్డాడు.

తిరిగి వెళ్తూ గేటు దగ్గర అన్నయ్య ఆగాడు.

“ఈ పద్ధతి అప్పుడే ఉండుంటే మీ వదినకి కాలు విరిగేది కాదంటావా?”

కాదనో అవుననో ఏదో ఒకటి అని తప్పించుకోవచ్చు. ఆ పొద్దంతా విన్న పొగడ్తల తర్వాత అలా అనలేకపోయాడు. చెప్పేశాడు, తలుపు దగ్గర ఆగిపోవడం దగ్గరనుంచి.

అన్నయ్య రోడ్డు వైపు తిరిగాడు. “తనకి తెలుసా?”

“తెలుసు. నేనే చెప్పాను.”

“ఏమంది?”

“నీకు చెప్పొద్దంది.”

“అయితే చెప్పకుండా ఉండాల్సింది” అన్నాడు అన్నయ్య. గొంతులో కోపం లేదు. రోడ్డు దాటి, వచ్చిన బస్సు ఎక్కి వెళ్లిపోయాడు.

పది నెలలు ఆయన అతని దగ్గరికి రాలేదు. అతను వెళ్తే తలుపు తీసేవాడు, కూర్చోమనేవాడు, టీ ఇచ్చేవాడు. అంతకు మించి మాట ఉండేది కాదు. అతనూ వెళ్లడం తగ్గించాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం డ్యూటీ దిగి మెట్లెక్కి వచ్చేసరికి అన్నయ్య ఆసుపత్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. ఎందుకొచ్చాడో ఆయన చెప్పలేదు, ఎందుకొచ్చావని అతను అడగలేదు. ఇద్దరూ బస్‌స్టాపు దాకా నడిచారు. తన పాత రూటు మార్చేశారని, ఇప్పుడు బస్సులు చుట్టూ తిరిగి పోతున్నాయని అన్నయ్య చెప్పాడు. అలాగా అన్నాడు అతను. అప్పటినుంచి వారానికోసారి అలా వస్తూనే ఉన్నాడు. బస్సుల గురించి, మోకాళ్ల గురించి, వానల గురించి మాట్లాడుకుంటారు. వదిన మాట మాత్రం ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరు.