వెచ్చటి చోటు

ఈ చలికాలానికి ఇవాళే మొదటిసారి పొయ్యి వెలిగించారు. దాని ముందు కూర్చుంటే ఈ సంగతి రాయాలనిపించింది. జరిగినప్పుడే రాసేదాన్ని గాని, అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు బడికి బదులు మిరపతోటల్లో కూలికి పోయాను. చివరికి అమ్మాయి దగ్గరికి ఈ పరాయి దేశం వచ్చాక, ఇక్కడ హామిల్టన్‌లో, ఆదివారం తెలుగు తరగతికి మనవరాలిని తీసుకెళ్ళి, చలికి బయట నిలబడలేక లోపల కూర్చుని, ఆ పిల్లలతోపాటు నేర్చుకున్నాను.

మా అమ్మాయివాళ్ళు కొన్నది పాత చెక్క ఇల్లు. నేల చెక్క, గోడలు చెక్క. అలాంటి ఇంట్లో నిప్పు పెట్టుకుని నిద్రపోవడం చూసి మొదట్లో నోరు వెళ్ళబెట్టాను. హాల్లో ఇల్లు వెచ్చబెట్టే ఇనప కట్టెల పొయ్యి, దాని కింద పచ్చ టైల్స్ పరిచిన అరుగు. ఇంట్లో అందరూ మందపాటి సాక్సులు వేసుకుంటారు, నాకు ఉత్తకాళ్ళతో తిరగడమే అలవాటు. అందుకే ఒక వెచ్చటి చోటు ఉందని నాకొక్కదానికే తెలిసింది. పొయ్యి ఆరిపోయినా తెల్లారేదాకా అరుగు అంచున చాపంత మేర నేల గోరువెచ్చగా ఉండేది. దేవుడిచ్చిన వరం అనుకుని, ఆ చలికాలమంతా మనవరాలికి అక్కడే పక్క వేశాను.

తరవాతి ఏడు కొత్త పొయ్యి కొన్నారు. పాత అరుగు మీదే పెట్టించేద్దామని అల్లుడి తొందర. బిగించడానికొచ్చిన పెద్దాయన, అంత చలిలోనూ నిక్కరే, పొయ్యికీ గోడకీ మధ్య దూరం టేపుతో కొలుస్తున్నాడు.

"నా వెచ్చటి చోటు పోకుండా బిగించమని చెప్పవే" అన్నాను అమ్మాయితో.

"ఊరుకోమ్మా, ఆయన నవ్వుతాడు" అంటూనే ఇంగ్లీషులో చెప్పింది.

ఆయన నవ్వలేదు. ఏ చోటో చూపించమన్నాడు. కాలితో చూపించాను. మోకాళ్ళ మీద కూర్చుని రెండు టైల్స్ పెకలించాడు.

కింద చెక్క బొగ్గయి ఉంది. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడిదాకా దిగిపోయింది. ఏళ్ళ తరబడి వేడి తగిలిన చెక్క చివరికి కొద్ది వేడికే అంటుకుంటుందట. ఇది ఇంకా ఎందుకు అంటుకోలేదో తనకీ తెలియదన్నాడు. అమ్మాయి ఆ మాట నాకు తెలుగులో చెబుతూనే కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. పుట్టిన దగ్గర్నించీ పొయ్యి ముందు బతికినదాన్ని. నిప్పంటే కనబడేది, చిటపటలాడేది అనుకున్నాను. చప్పుడు లేకుండా, అంత ఓపిగ్గా, ఒక పసిపిల్ల పక్క కింద కాచుకుని కూర్చునే నిప్పుని చూడడం అదే మొదటిసారి. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

తరవాత కాలిన చెక్కంతా కోసేసి, కొత్త దూలాలు వేసి, పైన సిమెంటు పలక పరిచి, పొయ్యికీ దానికీ మధ్య గాలి ఆడే సందు వదిలాడు. ఇప్పుడు ఎంత మంట వేసినా నేల చల్లగానే ఉంటుంది.

నేను మాత్రం అంతవరకూ ఆగలేదు. ఆ బొగ్గు బయటపడిన మర్నాడు పొద్దున్నే పక్కింటికి వెళ్ళాను. మా ఇల్లూ అదీ ఒకేసారి ఒకేలా కట్టినవి. అందులో ముసలావిడ ఒక్కతే ఉంటుంది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకి రాదు. గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలికెళ్ళి, ఆవిడ పొయ్యి ముందు ఉత్తకాళ్ళతో నిలబడ్డాను. పొయ్యిలో రాత్రి బూడిద ఇంకా వేడిగానే ఉంది. ఆవిడ నన్ను వింతగా చూసి, కాసేపటికి తన స్లిప్పర్లూ విప్పి పక్కన నిలబడింది. నేల మంచులా ఉంది. అరవై ఏళ్ళకు పైగా నిప్పు ముందు గడిపాక, చల్లదనం ఎంత హాయో ఆ పొద్దున నాకు తెలిసింది.