మొహం లోపలికి పెట్టిన రాయి

బెనువాకి అరవై ఎనిమిదేళ్లు. తాపీ మేస్త్రి. ఆ బుర్గుండి పల్లెలో అతని వంశానికి ఉన్న పేరు ఒకటే, రాళ్లదొంగలు. ఫ్రెంచి విప్లవంలో కూలిన మఠం రాళ్లతో ఊరు ఊరంతా ఇళ్లు కట్టుకుంది. కట్టింది మాత్రం అతని ముత్తాత కాబట్టి పాపమంతా ఆ ఇంటి నెత్తిన రుద్దారు. వీళ్ల న్యాయం అలా ఏడ్చింది!

ఆ వేసవిలో మఠం వాకిట్లో తవ్వకాలు చేయిస్తున్న ఎలీజ్‌కి ఎనిమిది వందల ఏళ్లనాటి దేవదూత శిల్పం దొరికింది. రెక్కలున్నాయి, తల లేదు. శుక్రవారంతో తవ్వకాలు ఆఖరు. చెక్కిన ఆ తల కోసం ఆమె మనుషులు ఊళ్లో గోడలన్నీ గాలించి ఉత్త చేతులతో వచ్చారు.

"చెక్కడం బయటికి పెట్టి ఏ మేస్త్రి కడతాడమ్మా?" అన్నాడు బెనువా. "సాపు వీపు బయటికి, చెక్కిన మొహం లోపలికి. గరుకు మీదే సున్నం పట్టేది."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం పెద్దాయనా?"

"రాళ్లదొంగని ఎవరడిగారు గనక?"

శుక్రవారం పొద్దున్నే ఎలీజ్‌ని పిలిచి, సుత్తితో తన కుందేళ్ల కొట్టం గోడ తట్టి చూపించాడు. ఒక్క రాయి గుల్లగా మోగింది. సున్నం పట్టలేదన్నమాట. ముత్తాత పనిలో ఆ లోపానికి చిన్నప్పట్నుంచీ సిగ్గుపడుతూనే ఉన్నాడు.

"గోడ కూలిందో, నా కుందేళ్లు నీ మంచమెక్కుతాయి, చూసుకో!" అంది భార్య ఒనొరిన్.

గునపం వేసి రాయి కదిపాడు. సందులోంచి ఇసుక జలజలా రాలింది. జల్లెడ పట్టిన ఏటి ఇసుక! రాయి తిప్పేసరికి చిరునవ్వు, కనురెప్పలు, ముక్కు, అన్నీ ఉన్నాయి. గీత కూడా పడలేదు. ఎలీజ్ కేక పెట్టి ఒనొరిన్‌ని కావలించుకుంది.

"సున్నం పెట్టుంటే, రాయి తీసేటప్పుడు మొహం ఊడొచ్చేదమ్మా," అన్నాడు బెనువా. "ఎవరో ఒకరు తీస్తారనే మా ముత్తాత ఇసుక పోశాడు."

మఠం వాకిట్లో దేవదూత మెడ విరిగినచోట తల అతికినట్టు సరిపోయింది. ఎలీజ్ ఫోటో తీస్తానన్నా ఆగలేదు బెనువా. టోపీ కూడా లేకుండా బజార్లోకి పరిగెత్తాడు.

"రండర్రా! రాళ్లదొంగ ఏం దాచాడో చూద్దురుగాని, రండి!"