జువ్వ దుప్పటి లాగే వేళ

మా పక్కింటి మామ్మగారు పోయారు. నిద్రలోనే పోయారు. పొద్దున్న పాలు పోసే అతను తలుపు కొట్టీ కొట్టీ చివరికి మమ్మల్ని పిలిచాడు. పెద్దకర్మ అయింది, చుట్టాలు వెళ్లిపోయారు, ఇల్లు అద్దెకిస్తున్నారు. ఆవిడ గురించి నెమ్మదిగా, ఇంకాస్త బాగా రాయాలనుకున్నాను. కానీ ఇప్పుడే రాయాల్సి వచ్చింది. ఆవిడ పెంచిన కుక్క జువ్వ ఎక్కడుండాలన్నది రథసప్తమిలోపు తేలాలి.

నిరుడు చలి మొదలైనప్పుడు మామ్మగారి గొడ్ల పాకలో దూరిన కూన అది. ఒక్క చోట నిలవదు. ఆరేసిన చీర, అరుగు కింది చెప్పు, ఎగిరే పిట్ట అన్నీ దానివే. "దీపావళికి కాల్చకుండా మిగిలిపోయిన జువ్వే ఇది" అని ఆవిడే పేరు పెట్టారు. చలికి వణుకుతోందని గోనెసంచికి చిల్లులు పెట్టి చొక్కా కుట్టారు. తొడిగిన పూటే వీధంతా పరుగెత్తి, దాన్ని పీచులు పీచులు చేసి, మిగిలిన ముక్క తెచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పెట్టింది.

"చూడవే, పాతదైపోయిందంట. కొత్తది కుట్టమంటున్నాడు దొర" అని మామ్మగారు నవ్వారు.

మా అమ్మానాన్నలు ఆవిడ మిరపచేలో పనిచేసేవారు. మా ఇంట్లో బడి గడప తొక్కింది నేనే మొదట. కల్లంలో ఆరబోసిన కాయల మీద మంచు పడకుండా రాత్రిళ్లు పట్టా కప్పుతాం. పగలంతా ఎండ తాగిన కాయలు కదా, కింద వెచ్చగా ఉంటుంది. ఒకనాడు జువ్వ ఆ వెచ్చదనం కోసం పట్టా కింద దూరింది. తెల్లారేసరికి తుమ్ముతూ, మూతి నేలకేసి రాసుకుంటూ బయటికొచ్చింది. నాన్న నీళ్ల బిందె ఎత్తబోయాడు.

"నీళ్లు పోస్తే మంట ఇంకా పాకుద్దిరా. మజ్జిగ తే!" అని మామ్మగారు అరిచారు.

కోతకొచ్చిన వాళ్ల కోసం తెచ్చిన మజ్జిగంతా దాని మూతికే అయిపోయింది. మర్నాడు చూస్తే మళ్లీ పట్టా కిందే ఉంది.

"దీనికి బుద్ధి లేదండి" అన్నాడు నాన్న.

"బుద్ధి లేక కాదురా, చలి తగ్గక."

ఆ సాయంత్రమే అరుగు మూల వరిగడ్డి పరిచి దానికి పడక వేశారు.

నా విషయంలోనూ అంతే. అప్పుడు నాకు బీఈడీ పరీక్షలు దగ్గరపడ్డాయి. "మా పిల్ల పుస్తకం తెరిస్తే చాలు, నిద్రపోద్దండి. చదువు మీద మనసు లేదేమో" అని నాన్న ఆవిడ దగ్గర వాపోయాడు.

"పొద్దస్తమానం కోతలో వంగి లేస్తే నిద్ర రాదంట్రా? రేపట్నుంచి దాన్ని చేలోకి తేవాకు. దాని సాలు నేను పడతా."

"మీరాండి? నడుం పట్టేసుద్ది."

"పడితే నా నడుమేగా, నీదేమన్నా అరువిచ్చావా?"

మర్నాడు మంకీ క్యాపు పెట్టుకుని నిజంగానే వచ్చి నా సాలులో నిలబడ్డారు. పరీక్షలు అయ్యేదాకా నా సాలు ఆవిడదే. చేను గలావిడే కాయ కోస్తుంటే, నేను రాలేదేమని అడిగే నోరు ఎవరికుంది?

అంతటితో వదల్లేదు. తెల్లవారుజామున గేటు తీసి, "పోరా, టీచరమ్మని లేపు" అనేవారు. జువ్వ దూసుకొచ్చి నా దుప్పటి అంచు పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయేది. దాని కోసం ఆ చలిలో పరుగెత్తాక ఇంకేం నిద్ర! దుప్పటి చేతికి చిక్కేసరికి రెండిళ్ల మధ్య పిట్టగోడ మీద ఆవిడ పెట్టిన టీ గ్లాసు పొగలు కక్కుతూ ఉండేది. "నీ చదువు నాకు తెలీదు గానీ, నీ నిద్ర నాకు తెలుసే" అనేవారు.

పాసయ్యాను. నందిగామలో ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. రథసప్తమి మర్నాడు చేరాలి. పొద్దుటి స్టడీ అవర్ నాదే. జగ్గయ్యపేట అవతల మా ఊరి నుంచి బస్సులో వెళితే అందదు, అక్కడే గది తీసుకోవాలి. చూసిన ప్రతిచోటా ఒకటే మాట: "నీ వరకైతే సరేనమ్మా, కుక్క మాత్రం వద్దు." ఇక్కడ వదిలేద్దామంటే అమ్మానాన్నలు పొద్దున్నే పనికి పోతారు. వీధి చివరే హైవే. లారీ కనబడితే జువ్వ వెంటపడే రకం.

మామ్మగారు పోయిన రోజు నుంచి అది పరుగు మానేసింది. తాళం వేసిన తలుపు ముందు గడప మీద తల పెట్టుకుని పడుకునేది. మొన్న తెల్లవారుజామున నేను చలికి ముసుగుతన్ని పడుకుని ఉండగా దుప్పటి కదిలింది. పంపే మనిషి లేరు, అదే వచ్చింది. వాకిట్లోకి లాక్కుపోయి, దుప్పటి వదిలేసి, పిట్టగోడ కేసి చూస్తూ తోక ఊపింది.

నందిగామలో కుక్కను రానిచ్చే గది మీలో ఎవరికైనా తెలిస్తే, రథసప్తమిలోపు ఈ పత్రిక పేరున నాకొక మాట రాయండి. తెల్లవారుజామున కాస్త గోల చేస్తాం, ముందే చెబుతున్నాను. గది ఎంత చిన్నదైనా పర్వాలేదు. వాకిట్లో ఒక పిట్టగోడ ఉంటే చాలు, టీ గ్లాసు పట్టేంత.