మొదటి నిప్పు పెట్టిన సమ్మయ్య

ములకలపల్లి బస్టాండు పక్కన టీ కొట్టు వరండాలో కూర్చుని నేను అర్జీలు రాసేవాణ్ని. డిగ్రీ రెండుసార్లు తప్పాను. మా నాయన కృష్ణా జిల్లా నుంచి పొగాకు వేద్దామని వచ్చి, ఉన్న పొలం పోగొట్టుకుని, మాకు కోపం ఒక్కటి మిగిల్చి పోయాడు. ఆ కోపంతోనే పుస్తకాలు చదివాను. కొత్తగూడెంలో పాత కాగితాల కొట్లో తూకానికి కొన్న నీతిశాస్త్రం పుస్తకం ఒకటి నా దగ్గరుండేది. మంచి అంటే ఏమిటని పడమటి దేశాల తత్వవేత్తలు రెండు వేల ఏళ్లుగా పడుతున్న తగువంతా అందులో ఉంది. చివరి నలభై పేజీలు లేవు. తగువు ఎటు తేలిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పుస్తకం సంగతులు నేను చెబితే వినే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కడే ఉండేవాడు. ఆయనకు చదువు రాదు. పేరు సమ్మయ్య. నాలుగు మైళ్ల అవతల, అడవిలోని కోయగూడేనికి పెద్ద. గూడెంలో ఎవరు సేద్యానికి అడవి నరికి పోడు కొట్టినా, ఎండిన కొమ్మలకు మొదటి నిప్పు పెట్టేది ఆయనే. ఆయన పెట్టిన మంట ఇప్పచెట్ల దాకా పోయేది కాదు. ఆయన భార్య జంపక్క పచ్చికొమ్మ పట్టుకుని మంట అంచు వెంట తిరిగేది. పాకిన చోటల్లా కొట్టి ఆర్పేది. వాళ్లకు పిల్లలు లేరు. జంపక్క జ్వరంతో పోయాక ఆ అంచు పని ఆయన ఇంకెవరికీ ఇవ్వలేదు. నిప్పు పెట్టేదీ, పరుగెత్తి అంచు కొట్టేదీ తనే.

సంత రోజున నా బల్ల పక్కన గొంతుకూర్చుని చుట్ట ముట్టించేవాడు.

"ఏంది పంతులూ, నీ దొరలు ఈ వారం ఏమంటున్నరు?"

విషం తాగిన గ్రీకు ముసలాయన కథ చెప్పాను. శిష్యులు జైలు నుంచి తప్పిస్తామన్నా పోనన్నాడని చెప్పాను.

"ఆ ఊరికి దగ్గర్ల అడివి లేదా ఏంది?" అన్నాడు సమ్మయ్య.

ఎక్కువమందికి ఎక్కువ మేలు జరిగేదే మంచి అన్న ఇంగ్లీషు దొర సంగతి చెప్పాను. కాసేపు పొగ వదిలి, "అందరికీ మేలని చెప్పే గదా, గుట్ట కిందున్న మమ్ముల లేపి పైకి తోలిన్రు," అన్నాడు.

జర్మనీ పంతులు దగ్గర మాత్రం పడీ పడీ నవ్వాడు. చంపడానికి వచ్చినవాడు నీ ఇంటి ముందు నిలబడి, నీ స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడిగినా అబద్ధం చెప్పకూడదు. నిజం చెబితే నీ ధర్మం తీరింది. తర్వాత జరిగేదానికి పూచీ నీది కాదు. ఇదీ ఆ పంతులు మాట.

"చెప్పి లోపటికి పోయి పండుకుంటడా?"

"పడుకుంటాడేమో."

"చర్ల దిక్కు రెండు దినాలు ఉండమను ఆయన్ని. క్యాంపు పోలీసోళ్లొచ్చి, లోపట ఎవలున్నరని అడిగితె తెలుస్తది," అని దగ్గొచ్చేదాకా నవ్వాడు.

అవసరమైతే ఆయన అబద్ధం ఆడతాడని ఆ నవ్వు చూసే నేను నమ్మాను.

తొంభై ఒకటి ఎండాకాలంలో పోడు భూములకు పట్టాలిస్తామని సర్వే వచ్చింది. ఎనభై ఎండాకాలం దాకా కొట్టిన పోడుకే పట్టా. తర్వాత కొట్టినది అడవి కిందికి పోతుంది. గూడెంలో ఎవరికీ ఆ అంకెలతో పని లేదు. గోదావరి భద్రాచలాన్ని ముంచిన ఏడు, వెదురు పూసిన ఏడు అని చెబుతారు. అందుకని అన్ని పోళ్లకూ మొదటి నిప్పు పెట్టిన సమ్మయ్యనే సాక్షిగా పిలిచారు.

చిక్కు ఒక్క ఎర్రమ్మ పోడుతోనే. ఆమె మొగుడు గోపాలు మలేరియాతో పోయాడు. పదేళ్ల కూతురుంది. గుట్ట వాలులో ఎకరన్నర జొన్నచేను, అంతే. ఎనభై ఒకటిలో కొట్టింది. ఒక్క ఏడాది తేడా.

సర్వే ఆఫీసరు వచ్చే ముందు రోజు నేను గూడేనికి వెళ్లి సమ్మయ్య పక్కన కూర్చున్నాను. "తాతా, ఒక్క మాట. ముందే కొట్టిన్రని చెప్పు, చాలు."

ఆయన చుట్ట కొస చూస్తూ ఉండిపోయాడు.

"గట్ల చూడకు మామా, భయమైతది," అంది గుమ్మంలో నిలబడ్డ ఎర్రమ్మ.

"చూద్దం తియ్యి," అన్నాడు.

మర్నాడు పొద్దునే సర్వే ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. పదకొండు పోళ్లు చూశాడు. పదకొండింటికీ సమ్మయ్య "అవ్, ముందటిదే" అన్నాడు. అన్నీ నిజాలే. ఎర్రమ్మ చేను దగ్గర ఆఫీసరే దారి చూపించాడు.

"పెద్ద వరద ఎనభై ఆరులో వచ్చింది పెద్దాయనా. దానికి ఎన్నేళ్ల ముందు నిప్పు పెట్టినవ్? ఆరు అంటే సరిపోతది."

సమ్మయ్య వేళ్లు ముడిచాడు. "అయిదు."

"ఆరు కాదా? మళ్లీ గుర్తు తెచ్చుకో."

"అయిదే సారూ. ఆ మంట అంచున మా జంపక్క నిలబడ్డది. అదే కడపటిది. ఆ వానలల్ల పోయింది. ఆరంటె దాని బతుకుల ఒక ఏడు నేను తీసేసినట్టు."

ఎర్రమ్మ ఆయన ముందుకు వచ్చి నిలబడింది.

"నీ పెండ్లం చచ్చిపోయింది మామా. నేను బతికున్న. నా బిడ్డ బతికున్నది."

సమ్మయ్య తల ఊపాడు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగాడు. "నా రెండెకరాల పట్టా ఆమె పేర రాయి సారూ."

"ఎనభై నాటి నుంచి ఆమే దున్నుతున్నదా?"

నేను వెనక నుంచి ఆయన మోచేయి గిల్లాను. అవునంటే అయిపోయేది.

"లేదు. నేనే దున్నుతున్న."

ఆఫీసరు పెన్ను మూత పెట్టేశాడు. "నీతోని కాదు పెద్దాయనా," అని తర్వాతి పోడుకు నడిచాడు.

ఎర్రమ్మ చేను అడవి కిందికి పోయింది. ఆ వానలకు సమ్మయ్య తన నాగలి తీసుకెళ్లి ఆమె గుడిసె ముందు పెట్టాడు, తన రెండెకరాలూ దున్నుకొమ్మని. పట్టా వచ్చాక ఆ కాగితం కూడా ఆమె రేకు పెట్టెలోనే పెట్టించాడు. తను కైకిలి కూలికి పోయేవాడు. ఎండాకాలంలో బీడీలకు తునికాకు కోసేవాడు. ఎర్రమ్మ ఆ చేను దున్నుకుంది గాని, ఆయనతో మూడేళ్లు మాట్లాడలేదు. పంట వచ్చిన నాడు ఒక బుట్ట జొన్నలు తెచ్చి గుమ్మంలో పెట్టి, మాట లేకుండా వెళ్లిపోయేది.

నేనూ ఆయనతో తగువు పడ్డాను. నోటికొచ్చినట్టు తిట్టాను.

"జర్మనీ పంతుల్ని చూసి నవ్వినవ్ గదా. నువ్వు చేసిందేంది? అదే గదా!"

"ఆయన చెప్పి పండుకున్నడంటివి," అన్నాడు సమ్మయ్య. "నాకు పండుకునే తీరిక యాడుంది పంతులూ? పొద్దుగాల కైకిలికి పోవాలె." అని చుట్ట కోసం నా అగ్గిపెట్టె అడిగాడు. ఆయన అరచేతులు చూశాను. అరవై దాటిన మనిషికి కొత్తగా పొక్కులు లేచి ఉన్నాయి. పుల్ల నేనే గీసి చుట్ట ముట్టించాను.

తొంభై నాలుగు వానల్లో ఆయనకు జ్వరం వచ్చింది. దవాఖానాకు మోసుకుపోయినవాళ్లలో ఎర్రమ్మ ఉంది. దారిలో ఆమె మాట్లాడిందట. ఏం మాట్లాడిందో అడిగితే నాకు చెప్పలేదు. మూడో రోజు పోయాడు.

నెల తిరక్కుండా ఆయన అన్న కొడుకు పోతయ్య పాల్వంచ నుంచి దిగాడు. పట్టా మా చిన్నాయన పేర ఉంది, చేను నాది, అన్నాడు. కాగితం ప్రకారం వాడిదే.

ఎర్రమ్మ రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని నా వరండాకు వచ్చింది. నేను అప్పటికే అంతా ఆలోచించి పెట్టుకున్నాను. ఇలాంటివి వారానికి నాలుగు రాసేవాణ్ని. సమ్మయ్యకు ఎర్రమ్మ కూతురు అని రాస్తే చాలు. సాక్షి సంతకాలకు ఇద్దరు దొరుకుతారు. ఒక్క మాట, చేను నిలుస్తుంది. రాసి చదివి వినిపించాను.

ఆమె చాలాసేపు కాగితం వైపు చూసింది. చదవడం ఆమెకు రాదు.

"బిడ్డనని రాసినవా?"

"అవును. గట్ల రాస్తెనే భూమి నిలబడ్తది."

"వాళ్లకు బిడ్డలు లేరు. బిడ్డ కోసం జంపక్క ఎన్ని మొక్కులు మొక్కిందో గూడెంల అందరికి తెలుసు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఉన్నది ఉన్నట్టు రాయి పంతులూ."

"ఉన్నది ఉన్నట్టు రాస్తె చేను పోతది ఎర్రమ్మా! ఒకసారి పోయింది చాలదా?"

"పోతె పోనియ్యి అంటలేను. రాయి అంటున్న."

ఆ కాగితం చించి ఇంకోటి తీశాను. నిప్పు పెట్టిన ఏడు నుంచి, నాగలి గుడిసె ముందు పెట్టిన దినం దాకా రాశాను. నాలుగు పేజీలు వచ్చింది. అంత పొడుగు అర్జీ ఏ ఆఫీసరూ చదవడు. ఆమె వేలిముద్ర వేసి, పెట్టె ఎత్తుకుని, బస్సు కోసం ఆగకుండా నడిచి వెళ్లిపోయింది.

మూడేళ్లయింది. జవాబు రాలేదు. పోతయ్య రెండుసార్లు మనుషుల్ని వేసుకుని వచ్చాడు, గూడెం అడ్డం నిలబడితే తిరిగిపోయాడు. మళ్లీ వస్తాడు. మొన్న సంతలో ఎర్రమ్మ కనిపించి, విత్తనాలు కట్టిన మూట చూపించింది. ఈ ఏడూ జొన్నే వేస్తుందట.