అల్లాబక్షు తాత వెనక్కి తీసుకున్న మాట

అల్లాబక్షు తాతకు అప్పటికి నలభై రెండేళ్ళు. మీసం నల్లగానే ఉంది, మనవళ్ళింకా పుట్టలేదు. అయినా ఇప్పుడు తాత కాబట్టి అప్పుడూ తాతే. పర్చూరు పక్కన చినమద్దిపాడులో దూది ఏకడం ఆయన పని. పెళ్ళిళ్ళ ముందు విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి పరుపుల దూది ఏకేవాడు. సాయంత్రమయ్యేసరికి కనుబొమల మీద, మీసం మీద దూది పేరుకుపోయి, ఉన్న వయసుకు ఇంకో ముప్ఫై ఏళ్ళు కలిసేవి. ఆ వేషంతోనే మిరప కళ్ళానికి వెళ్ళి కుర్రాళ్ళకు చెడుగుడు నేర్పేవాడు.

ఆట వచ్చు, కాదనలేం. కానీ ఆటకంటే మాటలు ఎక్కువ వచ్చు. విల్లు టంగుటంగుమంటున్నంతసేపూ ఏదో ఒక సూక్తి అల్లుకునేవాడు. సాయంత్రం దాన్ని కుర్రాళ్ళ మీదికి వదిలేవాడు. "దెబ్బలు తింటేనేరా దూది తెల్లబడేది" అనేవాడు. "పడ్డోడు నేలని చూస్తాడు, లేచినోడు గీతని చూస్తాడు" అనేవాడు. భార్య ఖుర్షిదాకు ఇదంతా తలనొప్పి.

"నీ మాటలు ఎసట్లో పోస్తే అన్నమవుద్దా?" అనేది.

"అన్నం కాదే, మనుషులవుతారు."

"ముందు నువ్వు అవ్వు."

మాటలతో ఆగితే బాగుండేది. తాత వాటిని కూతలో పెట్టాడు. చెడుగుడులో అవతలి జట్టు మీదికి వెళ్ళినవాడు తిరిగి గీత తాకేదాకా ఒకే ఊపిరి మీద కూత కూయాలి. కూత తెగితే అవుటు. ఆ రోజుల్లో పల్లె పందాల్లో ఏ కూతైనా ఒప్పుకునేవాళ్ళు. ఊళ్ళన్నీ గుడుగుడు అంటుంటే తాత కుర్రాళ్ళు మాత్రం సూక్తులు కూసేవాళ్ళు. దర్జీ ఒళ్ళు కొలిచి చొక్కా కుట్టినట్టు, ఒక్కొక్కడి ఊపిరి కొలిచి వాడికో మాట కుట్టి ఇచ్చేవాడు.

గీత దగ్గర మాత్రం మహా కర్కోటకుడు. ఒకసారి కన్నకొడుకు గౌస్ బాషా చెయ్యి గీతకు బొటనవేలంత దూరంలో ఆగిపోయింది. చూసినవాడు తాత ఒక్కడే. "తాకలా. అవుటు" అన్నాడు. వాడు అలిగి అన్నం మానేశాడు. "గీత కాడ అబద్ధమాడేకాడికి ఇంక ఆటెందుకురా?" అని తాత వాడి పక్కనే కూర్చుని వాడి అన్నం కూడా తనే తిన్నాడు.

జట్టులో మెరిక చెంచయ్య. ఆదెమ్మకు ఒక్కగానొక్క కొడుకు, తండ్రి లేడు. పదిహేనో ఏటి నుంచి మూడు మైళ్ళ అవతల పత్తి మిల్లులో గింజ తీసే మర దగ్గర పని. అక్కడ మనిషికి మనిషి కనబడనంత దూది దుమ్ము. ఇరవయ్యో ఏడు వచ్చేసరికి దగ్గు పట్టుకుంది. కళ్ళంలో అందరూ దగ్గేవాళ్ళే. మిరపకాయలు ఎండబెట్టి ఎత్తేసిన నేల, ఒకడు పడితే ఎర్రటి దుమ్ము లేచి పదిమంది తుమ్మేవాళ్ళు. ఆ దగ్గుల్లో ఈ దగ్గు కలిసిపోయింది.

"మిరప ఘాటు మామా" అనేవాడు చెంచయ్య.

"అవునురా, ఘాటే" అనేవాడు తాత.

ఘాటు దగ్గు గొంతులోంచి వస్తుంది. దూది దగ్గు పక్కటెముకల కిందనుంచి వస్తుంది. తాత తండ్రి ఆ రెండో దగ్గుతోనే పోయాడు. కళ్ళు మూసుకుని విన్నా తాతకు తేడా తెలుసు. తెలిసే అవునన్నాడు. యాభై ఎనిమిది వేసవిలో పొన్నూరు పందాలకు పోలీసు సర్కిలుగారు వస్తున్నారని, మంచి ఆటగాడు కనబడితే పోలీసు జట్టుకని కానిస్టేబులు ఉద్యోగం ఇస్తారని కబురొచ్చింది మరి.

"మామా, ఈ ఒక్క ఆట గెలిపించు. ఇంకో ఏడు ఆ మర కాడ నిలబడితే నేను మిగలను" అన్నాడు చెంచయ్య.

"మిగలకపోవడమేందిరా ఎదవా. ఖాకీ చొక్కా ఏసుకొచ్చి నన్నే అదిలిస్తావు."

"నిన్ను ముందు నోరెక్కువ కేసు కింద లోపలేస్తా."

ఇద్దరూ నవ్వారు. నవ్వు మధ్యలో చెంచయ్యకు దగ్గు తెర వచ్చింది. తాత తల పక్కకు తిప్పుకున్నాడు. ఊపిరి పొట్టిదైపోయిందని కొలవకుండానే తెలుస్తోంది. ఊపిరి తగ్గినవాడికి మాట తగ్గించి ఇవ్వాలి, అది ఆయన పెట్టుకున్న పద్ధతే. ఆ ఒక్కసారి పద్ధతి తప్పాడు. మాట గట్టిదైతే ఊపిరి దాని వెంట అదే వస్తుందనుకున్నాడు.

"ఆగినోడే ఓడినోడు. ఇదిరా నీ కూత. ఏం జరిగినా ఆపమాక."

పొన్నూరులో కోసిన వరిచేలో బరి గీశారు. చివరి ఆటలో లెక్క సమానమైంది. చివరి కూతకు చెంచయ్య వెళ్ళాడు. "ఆగినోడే ఓడినోడు ఆగినోడే ఓడినోడు" అంటూ ఇద్దరిని తాకి వెనుదిరిగాడు. ఒకడు మడమ పట్టాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. ఆ కుప్ప కింద నుంచి కూత వినబడుతూనే ఉంది. బరి అంచున తాత, "ఆపమాక! చెంచయ్యా, ఆపమాక!" అని అరుస్తున్నాడు. కుప్ప మొత్తాన్ని ఈడ్చుకుంటూ వాడు చెయ్యి చాపాడు. గీత ఇంకా జానెడు ఉందనగా కూత తెగింది. కుప్ప లేచి చూస్తే మట్టి తడిసి ఉంది. నోటి నుంచి రక్తం.

సర్కిలుగారు దగ్గరికొచ్చి చూశారు. "ఆట బ్రహ్మాండం. మనిషికి ఊపిరి లేదు" అని పుస్తకం మూసేశారు.

డాక్టరు గొట్టం పెట్టి విని పాలు, గుడ్లు పెట్టమన్నాడు. ఊళ్ళో పాలున్న ఇల్లు వేరు, ఆదెమ్మ ఇల్లు వేరు. ఖుర్షిదా ఉన్న రెండు కోళ్ళ గుడ్లూ పంపేది. తొలకరి పడేసరికి చెంచయ్య మంచం దిగడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం తాత వసారాలో దూది ఏకుతుంటే ఆదెమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది.

"అన్నా, నా బిడ్డకు నువ్విచ్చిన మంత్రం వెనక్కి తీసుకో."

"మంత్రమేందమ్మా?"

"మూడు రోజుల నుంచి జ్వరంలో అదే జపం. ఆగినోడే ఓడినోడని. ఊపిరాడకపోయినా వదల్లా. సాయిబులిచ్చిన మంత్రం సాయిబులే తియ్యాలంట. నీకు దణ్ణం పెడతా."

"అది మంత్రం కాదమ్మా. ఇక్కడ కూర్చుని దూది ఏకతా అల్లాను. ఉత్త మాట."

"ఉత్త మాటకు నా బిడ్డ రక్తం కక్కుతాడా?"

తాత విల్లు పక్కన పెట్టి ఆమె వెంట నడిచాడు. వెనకే గౌస్ బాషా వెళ్ళాడు.

చెంచయ్య నులకమంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఆగినోడే అని ఒకసారి, చాలాసేపటికి ఓడినోడు అని ఇంకోసారి. రెంటి మధ్యా రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. తాత మంచం పక్కన కూర్చున్నాడు. మట్టినేల మీద, ఆ చేతి కింద, వేలితో ఒక గీత గీశాడు. చెయ్యి గీతకు జానెడు పైన వేలాడుతోంది.

"తాకావురా" అన్నాడు.

పెదాలు ఆగలేదు.

"చెంచయ్యా, నేన్రా, మామని. గీత తాకావు. నేను చూశా. ఆట అయిపోయింది, మనదే. ఇంక కూత ఆపు. ఊపిరి పీల్చుకో."

గుమ్మంలో నిలబడ్డ గౌస్ బాషా ఆ జానెడు చూశాడు.

చెంచయ్య పెదాలు నెమ్మదించాయి. "తాకానా మామా?" అన్నాడు. "తాకావు" అన్నాడు తాత. మర్నాడు పొద్దెక్కాక ఆ ప్రాణం పోయింది. కానీ ఆ రాత్రంతా బిడ్డ జపం లేకుండా నిద్రపోయాడని, సాయిబు మంత్రం వెనక్కి తీసుకున్నాడని ఆదెమ్మ ఊరంతా చెప్పింది. దాంతో జ్వరాలొచ్చిన పిల్లల్ని ఎత్తుకుని జనం తాత వాకిట్లోకి రావడం మొదలుపెట్టారు. తాత పెరటి దారిన పారిపోయేవాడు. ఖుర్షిదా ఈసారి ఎగతాళి చెయ్యలేదు. ఇంట్లో లేడని తనే చెప్పి పంపేసేది.

మరుసటి వేసవి కుర్రాళ్ళు బతిమాలితే మళ్ళీ కళ్ళానికి వెళ్ళాడు. కొత్త మాట చెప్పమంటే "నీళ్ళు తాగండి" అన్నాడు. కూత గుడుగుడే కూయమన్నాడు. వరసగా నిలబెట్టి ఒక్కొక్కడి చొక్కా విప్పించి రొమ్ముకు చెవి ఆనించాడు. మిల్లులో కొత్తగా చేరిన పేరయ్య దగ్గర చాలాసేపు ఆగాడు.

"ఇంటికి పోరా."

"మిరప ఘాటు మామా, అంతే."

"కాదు. ఇంటికి పో. మిల్లు మానెయ్యి."

"మానేసి ఏం తినాలి మామా?"

తాత వాడి రొమ్ము మీంచి చెవి తీశాడు. తర్వాత వాణ్ణి వరసలోంచి పక్కకు జరిపాడు, ఇంకో ఇద్దర్ని కూడా. ఆ ఏడాది చినమద్దిపాడు జట్టుకు మనుషులు చాలక ఎవరూ పొన్నూరు వెళ్ళలేదు.