అడగకుండా ఒప్పుకున్న కూలి

నా చిన్నప్పుడు కొత్తవాడలో మా ఇల్లంటే ఒక మగ్గం, అది పోగా మిగిలిన జాగాలో మేం ముగ్గురం. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. మా నాయన జంపఖానాలు నేసేవాడు. మా నాయనమ్మ పొద్దంతా చరఖా తిప్పి ఆయనకు దారం కండెలు చుట్టి ఇచ్చేది. కండె లేనిదే మగ్గం నడవదు. అయినా కూలి నేసినవాడి పేరు మీదనే వచ్చేది. చుట్టినదాని పేరు ఎక్కడా ఉండేది కాదు.

ఒకరోజు నాయన సంఘం మీటింగుకు పోయి మొహం వెలిగిపోతూ వచ్చాడు. నేతగాళ్లంతా కలిసి పెట్టుకున్న సంఘం అది. దళారుల చేతుల్లోంచి బయటపడాలంటే కొన్నాళ్లు అందరూ తక్కువ కూలికి నేయాలట. మొదట చెయ్యెత్తింది తనేనట, అందరూ చప్పట్లు కొట్టారట.

మర్నాడు పొద్దున నాయనమ్మ చరఖాను గోడకు ఆనించి పోయి గడప మీద కూర్చుంది.

"కండెలేవే అవ్వా?" అని నాయన వాళ్లమ్మను అడిగాడు.

"నువ్వు చెయ్యెత్తినవ్ గద, ఆ చేత్తోనే చుట్టుకో."

"సంఘం మనదే గదనే!"

"మనదైతే నన్నెందుకు అడగలే? నీ కూలిల నా రెక్కలు లెవ్వా? ఈ పిల్ల బువ్వ లేదా?"

నాయన పంతానికి పోయి రెండు రోజులు తనే చుట్టుకున్నాడు. వదులు కండెలు, ఊరికే చిక్కుపడి దారం తెగేది. ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ల కోపంలో నాతో మాట్లాడటం కూడా మరిచిపోయారు. చెయ్యి చాస్తే మనిషి తగిలేంత ఇంట్లో అంత ఒంటరిగా ఉండొచ్చని నాకప్పుడే తెలిసింది.

మూడో రోజు నాయన పోయి ఆమె పక్కన కూర్చున్నాడు. "ఏం జేద్దామే అవ్వా, నువ్వే చెప్పు" అన్నాడు. వద్దంటుందనుకున్నాను. అనలేదు.

"ఆర్నెల్లు నేద్దాం. అటెన్క పాత కూలి ఇయ్యాలె. సంఘం పెద్దమనిషి జీతం గూడ తగ్గాలె. పోయి గట్లనే చెప్పు" అని లేచి చరఖా ముందేసుకుంది. ఆరు నెలలు దాటినా పాత కూలి రాకపోతే ఆమే పోయి సంఘం ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఇచ్చేదాకా లేవలేదు.

మంచిపనికి తక్కువ తీసుకుంటే తప్పేం లేదు. కానీ తగ్గేది ఒక్కరి జీతం కాదు, ఆ ఇంట్లో అందరి కంచం. అందుకే అడగాలి.

ఇప్పుడు నేను సుబేదారిలో ఒక వృద్ధాశ్రమంలో వంట చేస్తాను. మా ఆయన పోయి నాలుగేళ్లు. పిల్లలు లేరు. మొన్న ఆశ్రమం నడిపే సారు మమ్మల్నందరినీ పిలిచి, ఇది నౌకరీ కాదు సేవ, జీతాలు జర తగ్గించుకోండి అన్నాడు. అందరూ తలలూపారు. "ఇంట్ల అడిగి చెప్త సారూ" అన్నాను నేను.

"నీ ఇంట్ల ఎవరున్నరక్కా అడగనీకి?" అని పక్కనున్న ఆయా నవ్వింది.

నిజమే. ఆ సాయంత్రం తాళం తీసి లోపలికి పోయి, ఒప్పుకుందామా అని పైకే అడిగాను. కుక్కర్‌లో గ్లాసెడు బియ్యం పోసుకుంటూ మళ్లీ అడిగాను. వద్దనేవాళ్లు లేరు, సరే అనేవాళ్లూ లేరు. పొద్దున పోయి, ఎన్ని నెలలు సారూ, మీరెంత తగ్గించుకుంటున్నారు అన్నాను. సారు ఇంకా ఏమీ చెప్పలేదు. నేనూ ఇంకా తలూపలేదు. ఒక్కదాన్నే అయినా, అడిగి చెప్పాల్సిన ఇల్లు నాకూ ఉంది.